వన్ బై టూ

సైకిల్ షాపు మీద మిద్దెలో
రాత్రి ఏడింటికి మాకు ఇంగ్లీషు క్లాసు.
కింద ఓబులేసన్న పంక్చరు ట్యూబును నీళ్ల తొట్లో ముంచి
బుడగలు యాడ లేస్తాయో అని చూస్తుంటాడు.
పైన మేము నోళ్లు తెరిచి
కొంచెం అట్లాంటి పనే.

దాదా ఖలందర్ సార్
బోర్డు మీద రెండక్షరాల మాట రాసినాడు.
బై.
"తెలుగులో చెప్పండి చూద్దాం."
"పోయొస్తా సార్" అన్నాడు మగ్గం వన్నూరప్ప.
బెంచీలన్నీ నవ్వినాయి.
"అది చేయి ఊపే బై నాయనా,
ఇది చేయి పట్టుకునే బై."

గుంతకల్లు నుంచి బస్సులో వచ్చినా: బై.
శుక్రవారంలోగా కంతు కట్టాల: బై.
కొండ పక్కన ఉరవకొండ: బై.
చెనక్కాయలు మూటల లెక్కన: బై.
వన్నూరప్ప చేత నేయబడిన చీర,
వన్నూరప్ప పెండ్లాం ఎన్నడూ కట్టని చీర: బై.

"లో, లోగా, పక్కన, లెక్కన, చేత...
మన దగ్గర ఐదుగురు చేసే పనికి
వాళ్ల దగ్గర ఒకటే కూలోడా?"
కరెంటాఫీసు లక్ష్మీకాంతమ్మ విసుక్కునింది.
"మనవి మాట వెనక నడుస్తాయమ్మా,
ఇది ముందు నడుస్తాది
లాంతరు పట్టుకున్నోని మాదిరి" అన్నాడు సార్.
నాకు బళ్లో అరిచిన పాఠం గుర్తొచ్చింది.
చేతన్ చేన్ తోడన్ తోన్.
అర్థం అడిగితే
బెత్తం చేతన్.

పగలు నేను రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల షెడ్డులో దస్తావేజులు టైపు చేస్తా.
బై నాకు కొత్త కాదు.
నాకది ఏటవాలు గీత.
రెండు వందల పద్నాలుగు బై రెండు బై ఏ.
ఇంట్లో ఒకరు పోయినప్పుడల్లా
సర్వే నంబరుకు ఒక గీత పెరుగుతాది,
చేను పెరగదు.

ఆ రాత్రి పాఠం కర్మణి వాక్యం దాకా పోయింది.
ద ల్యాండ్ వాజ్ సోల్డ్ బై...
అని రాసి
బై నుంచి చివరి దాకా డస్టరుతో తుడిచేసినాడు సార్.
"ఎవరు చేసినారో చెప్పకపోయినా తప్పు లేదు,
వాక్యం నిలబడుతుంది."
చూస్తే నిజంగానే నిలబడుండాది.
భూమి అమ్మబడినది.
నేను రోజుకు నాలుగు సార్లు కొట్టే మాట.

పన్నెండేండ్ల కిందట మా నాయన వాటా కూడా
అట్లే అమ్మబడినది.
వేలిముద్ర నాయనదే,
ఎడమ చేతి బొటనవేలు.
ఆ వేలు పట్టి సిరాలో అద్దిన చెయ్యి ఎవరిదో
కాగితం చెప్పలేదు.
"బై మిస్టేక్ అయిపోయిందమ్మా" అన్నాడు చిన్నాయన
ఒకసారి, ఎవరిదో పెండ్లిలో, బంతిలో కూర్చోని.
సంతకం తప్ప అక్షరం రాని మనిషికి
ఆ రెండు మాటలు ఎవరు నేర్పినారో.

నోటుబుక్కులో,
సార్ తుడిచిన చోట,
పెన్సిలుతో చిన్నాయన పేరు రాసినా.
కొంచేపు చూసినా.
రబ్బరు కోసం వెతికితే
డబ్బాలో లేదు.

క్లాసు దిగేసరికి టీ అంగడి కాడ
చిన్నాయన కొడుకు ఎర్రిస్వామి.
గుండు మీద ఇంకా వెంట్రుకలు సరిగ్గా మొలవలేదు.
"గంగరత్నక్కా, తమ్మునికీ నాకూ భాగాలు రాయించుకోవాల.
ఇంకో బై పడుతుందంట.
నువ్వే టైపు కొట్టాల."
నేను ఏమీ అనకముందే
"అన్నా, వన్ బై టూ" అని కేకేసినాడు.

రెండు గ్లాసులు వచ్చినాయి.
సగం సగం అంటారు గానీ
వాని గ్లాసులో ఒక గుటక ఎక్కువే ఉండాది.
వాడు చూసినాడు. నేనూ చూసినా.
గ్లాసులు మార్చినాడు, మాట్లాడకుండా.

"మీ భాగాలకు ముందు పాత సంగతి రాయాల కదా,
మా నాయన వాటా
ఎవరి చేత పోయిందని కొట్టమంటావు?"

వాడు టీ ఊదుకుంటా నిలబడినాడు.
పక్కన ఓబులేసన్న
ట్యూబును నీళ్లలో ఇంకా తిప్పుతానే ఉండాడు.